కాస్త జరగండి

ఆ వానాకాలం నాకు ఊరు ఎంచుకునే పని పడింది. పెళ్ళికొడుకుని ఎంచుకునే పని తప్పించుకుని ఇందులో పడ్డాను కాబట్టి, మా ఇంట్లో దీన్ని కూడా దాదాపు అంత పట్టుదలగానే తీసుకున్నారు. నాకు ఉద్యోగం ఇచ్చిన బీమా కంపెనీ వాళ్ళు ముందు ముంబయిలో శిక్షణకి రమ్మన్నారు. దసరాలోగా ముంబయి, పుణె, బెంగళూరు మూడిట్లో ఏదో ఒకటి చెప్పమన్నారు. చెప్పినచోటే వేస్తామన్నారు. పాతికేళ్ళ పిల్ల, ఒక్కతే ఉండాలి, ఏ ఊరు మంచిది? మా మిరజ్‌లో ఈ ప్రశ్నకి జవాబు తెలియని మనిషి లేడు. కొత్తిమీర అమ్మే ఆవిడ కూడా తూకం ఆపి మరీ చెప్పింది.

అమ్మ పుణె అంది. పుణెలో మన వాళ్ళున్నారు, చీకటిపడితే ఇంటికి చేరతావు అంది. నాతో చదువుకున్న ముక్త బెంగళూరులో ఉంది. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడగరు, వచ్చెయ్ అంది. నాన్న కాసేపు ఆలోచించి, "ఏ ఊరైనా ఫరవాలేదు గాని, మీ ఆత్యలాగా మాత్రం కాకు," అన్నాడు.

ఆత్య అంటే నాన్నకి అక్క. పేరు రోహిణి. మా వైపు మేనత్తని ఆత్య అంటారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. చదువు కాగానే ముంబయి వెళ్ళి, ఫోర్ట్ ప్రాంతంలో ఒక ముద్రణాలయంలో చేరింది. కాలెండర్లూ పంచాంగాలూ అచ్చుకి పోయే ముందు వాటిలో తప్పులు దిద్దడం ఆవిడ పని. శివార్లలోని డోంబివలీలో ఒక గదీ ఒక వంటిల్లూ కొనుక్కుని అక్కడే ఉండిపోయింది. మా ఇంటి ఆడపిల్లల్లో ఎవరు పెళ్ళి వద్దన్నా ఆవిడ పేరు చెప్పి భయపెట్టేవారు. "రోహిణి బతుకంతా రైల్లోనే అయిపోయింది," అని నానమ్మ పోయేదాకా అంటూనే ఉండేది. తీరా చూస్తే శిక్షణ రోజుల్లో నన్ను దింపింది ఆ ఆత్య ఇంట్లోనే.

ఆ సెప్టెంబరు చివర ఆత్య రిటైరవుతోంది. నాన్న ఆవిడ కోసం మిరజ్‌లో మేడమీద గది కట్టిస్తున్నాడు. ఆవిడా సరేనంది. కాబట్టి ఆత్య సంగతి తేలిపోయింది, ఇక తేలాల్సింది నా ఊరే అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటిరోజు ఆత్య నన్ను డోంబివలీ నుంచి బయల్దేరే లోకల్ రైలు ఎక్కించింది. ఎక్కించింది అనడం కూడా తప్పే, వెనకనున్న జనం ఎక్కించారు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన ఆత్య, మధ్యలో పావస్కర్ కాకూ, చివర నేను. కాకూ అంటే పిన్ని. పావస్కర్ కాకూ కోర్టులో గుమస్తా. మనిషి లావు, గొంతు అంతకన్నా లావు. బండి కదలకముందే సంచీలోంచి చిక్కుడుకాయలు తీసి ఒళ్ళో పోసుకుని ఈనెలు తీస్తూ, నా మొహం చూడకుండానే, "ఎక్కడ?" అంది.

"మిరజ్ అండీ," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. పావస్కర్ కాకూ ఒక చిక్కుడుకాయ పట్టుకుని నన్ను పరీక్షగా చూసింది.

"ఈ బండి మిరజ్ పోదమ్మా. ఎక్కడంటే ఎక్కడ దిగుతావని. నువ్వెక్కడ పుట్టావో ఎవరిక్కావాలి? నువ్వు లేస్తే నీ చోట్లో కూర్చునేదెవరో తేలాలి కదా!"

"కుర్లా," అని ఆత్య నా తరఫున చెప్పింది.

"కుర్లా నాది!" అని నా వెనకనుంచి ఒక గొంతు అందుకుంది. బండి ఇంకా కదల్లేదు, నా సీటు అప్పుడే ఇంకొకరిదైపోయింది.

ముంబ్రాలో నజ్మా ఎక్కింది. దాదర్‌లో పెళ్ళిబట్టల కొట్లో పనిచేస్తుంది. బురఖా అంచులు తడిసి నీళ్ళు కారుతున్నాయి. జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి, నా భుజం మీద రెండు వేళ్ళతో తట్టి, "జరా సర్కా," అంది. కాస్త జరుగు అని.

నేను సీటు చూశాను. ముగ్గురికి చేసిన సీటు. ముగ్గురం కూర్చునే ఉన్నాం. "ఇది ముగ్గురు కూర్చునేదండీ," అన్నాను, మర్యాదగానే.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చిక్కుడుకాయల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆత్య చెవులు ఎర్రబడ్డాయి. పావస్కర్ కాకూ వెనక నుంచి చెయ్యి చాపి నా చీర కొంగు పట్టుకుని లాగి, "జరుగు," అంది. జరిగాను. నజ్మా చివర సగం కూర్చుని, ఒక కాలు నడవలో ఆనించుకుని, నాకేసి నవ్వి, సంచీలోంచి అల్లం మురబ్బా బిళ్ళ తీసి చేతిలో పెట్టింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆత్య మెత్తగానే చెప్పింది. "నాలుగో సీటు అడిగినవాళ్ళని కాదనకూడదు, సాయలీ."

"అది రూలా?"

"రూలేం కాదు."

"మరి కాదంటే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ఎవరూ కాదనరు, అంతే. మొదట్లో నేనూ నాలుగో సీట్లోనే కూర్చునేదాన్ని. కూర్చున్నట్టూ ఉండదు, నిలబడ్డట్టూ ఉండదు. కానీ కూర్చున్నట్టే లెక్క."

జులై అంతా కుండపోత. పట్టాల మీద నీళ్ళొస్తే బండి కళవా దాటాక ఎక్కడో ఆగిపోయేది. అలా ఆగిన రోజు పావస్కర్ కాకూ భజన ఎత్తుకునేది, నజ్మా డబ్బా మూత తీసేది. ఎవరో పోపు మరమరాలు పంచేవారు. పేరు తెలియని ఆవిడ తన కూతురి అత్తగారి గురించి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నా పేరు కూడా వాళ్ళెవరికీ తెలీదు. "ఏయ్ కుర్లా, ఇటు రా," అని పిలిచేవారు. ఒకరోజు జ్వరమొచ్చి వెళ్ళకపోతే సాయంత్రం ఆత్య చేత కషాయం పొడి పొట్లం పంపించారు. పైన పెన్నుతో "కుర్లాకి" అని రాసి ఉంది.

అయినా నేను ముంబయికి మనసులో తక్కువ మార్కులే వేశాను. గాలి లేదు. ఇల్లంటే అగ్గిపెట్టె. రాను పోను నాలుగు గంటలు ప్రయాణం. ఒంటరి ఆడపిల్లలకి మంచి ఊళ్ళేవో చెప్పే జాబితాలు ఫోన్లో బోలెడు చదివాను. ఎవరు రాసినా అద్దె, భద్రత, ఉద్యోగాలు, సాయంత్రాలు, ఇవే లెక్కలు. అన్నిట్లోనూ బెంగళూరే పైన ఉంది.

ఒక ఆదివారం వాన చూసి ఆత్య ఉల్లిపాయ పకోడీలు వేసింది. గదిలో ఉన్నది ఒక దివానూ ఒక కుర్చీ. ఇద్దరం దివాను మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. కిటికీ రెక్క సందులోంచి జల్లు పడుతుంటే ఆవిడ ఒక పాత పంచాంగం మడిచి అక్కడ దోపింది.

"నన్నడిగితే ముంబయి వద్దు," అంది.

"నువ్వే అంటున్నావా?"

"నేను కాక ఇంకెవరనాలి? నేను ఊరు ఎంచుకోలేదే పిల్లా. ఉద్యోగం వచ్చింది, వచ్చాను. వచ్చాను కాబట్టి ఉన్నాను. నీకు ఎంచుకునే అవకాశం వచ్చింది. మంచి గాలి ఉన్నచోట, కాళ్ళు చాపుకునే గది ఉన్నచోట ఉండు."

"నీకు బాధగా ఉందా, ఇక్కడ ఉన్నందుకు?"

పకోడీ నూనె కాగితానికి అద్దుతూ ఆలోచించింది. అచ్చు తప్పు దొరికినప్పుడు కూడా అలాగే చూస్తుందని తర్వాత వాళ్ళ ఆఫీసు వాళ్ళు చెప్పారు.

"బాధ కాదు. మీ నాన్నకి నా గురించి బాధ. అది చూస్తే నాకు బాధ. మేడమీద గదిలో ఉంటే వాడి బాధ తీరుతుంది కదా."

"నీకు ఇష్టమేనా?"

"గది బాగా కట్టిస్తున్నాడట," అంది ఆత్య.

పుణె సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. అమ్మ పోరు పడలేక ఒక శనివారం వెళ్ళి గది చూశాను. ఇంటావిడ గుమ్మం పక్కన చెక్క మీద చేతిరాతతో బోర్డు పెట్టింది. "గంట ఒకసారే కొట్టాలి. మాకు చెవులున్నాయి. మధ్యాహ్నం కొట్టకూడదు. మాకు నిద్ర కూడా ఉంది." నేను వెళ్ళింది మధ్యాహ్నం. నాలుగింటిదాకా మెట్ల మీద కూర్చుని, తలుపు తీశాక గది చూసి, బావుందండీ అని చెప్పి వచ్చేశాను. నిజానికి ఆ బోర్డు నాకు నచ్చింది. దాని కింద రోజూ నడవడం మాత్రం నావల్ల కాదనిపించింది.

బెంగళూరు అలా కాదు. ఆగస్టులో మూడురోజులు సెలవొస్తే ముక్త దగ్గరికి వెళ్ళాను. వెళ్ళిన గంటలోనే నాకు నచ్చేసింది. ముక్త పక్క గది ఖాళీగా ఉంది. గదికి బాల్కనీ, బాల్కనీలో ముందు ఉన్న అమ్మాయి వదిలేసిన పూలకుండీ. ఆగస్టులో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పొద్దున ఎవరూ లేపలేదు. బయటికి వెళ్తుంటే ఎవరూ ఎక్కడికని అడగలేదు. తిరిగొస్తే ఇంతసేపు ఎక్కడున్నావని అడగలేదు. పాతికేళ్ళలో మొదటిసారి నేనెవరికీ లెక్క చెప్పక్కర్లేదనిపించింది. ఆ రెండురోజులూ నేను చాలా సుఖంగా ఉన్నాను. అది దాచుకోవాల్సిన సంగతి కాదు.

"ఇంకేంటి ఆలోచన?" అంది ముక్త.

"ఏమీ లేదు. ఆఫీసులో చెప్పేస్తాను," అన్నాను.

ఆ సాయంత్రమే ఇద్దరం పార్కుకి వెళ్ళాం. తిరిగి తిరిగి నా కాళ్ళు పీకుతున్నాయి. ముక్త ఫోన్లో మాట్లాడుతూ వెనకపడింది. చెట్టుకింద సిమెంటు బల్ల మీద ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు, ఆఫీసు సంచులు ఒళ్ళో పెట్టుకుని. చివరివాడి భుజం మీద రెండు వేళ్ళతో తట్టి, "కాస్త జరగండి," అన్నాను హిందీలో.

తట్టాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. ముగ్గురూ తెల్లబోయి ఒకరినొకరు చూసుకున్నారు. చివరివాడు గబుక్కున లేచి, "సారీ మేడమ్, కూర్చోండి," అన్నాడు. మిగతా ఇద్దరు కూడా బల్ల రెండో చివరికి సర్దుకుని, మధ్యలో సంచి పెట్టుకున్నారు. లేచినవాడు దూరంగా వెళ్ళి గడ్డిలో నిలబడ్డాడు. వద్దు, వద్దు, మీరూ కూర్చోండి, నలుగురం పడతాం అన్నాను. "ఫరవాలేదు మేడమ్," అన్నాడు మళ్ళీ. ఎంతో మర్యాదస్తుడు. నేను కూర్చున్నంతసేపూ నిలబడే ఉన్నాడు.

ముక్త వచ్చి సంగతి విని పడీపడీ నవ్వింది. "పాపం వాణ్ణి లేపేశావు కదే! ముంబయి రైలనుకున్నావా?"

నేనూ నవ్వాను. కానీ ఆ బల్ల మీద ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

తిరిగొచ్చాక ఆఫీసులో వెంటనే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ముక్త రెండుసార్లు ఫోన్ చేసింది. గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారంది. రేపు చెప్తానన్నాను.

సెప్టెంబరులో మేడమీద గది పూర్తయింది. చూసి వెళ్ళమని నాన్న ఆత్యని పిలిచాడు. ఇద్దరం వెళ్ళాం. గది నిజంగానే బావుంది. రెండు వైపులా కిటికీలు, లోపలే స్నానాల గది, జారకుండా గరుకు బండలు. ఆత్యకి చిన్నప్పుడు ఇష్టమైన లేత ఆకుపచ్చ రంగు గోడలకి వేయించాడు నాన్న. మెట్లకి రెండు పక్కలా చేతికమ్మీ పెట్టించాడు. ఒక్కొక్కటీ చూపిస్తూ ఆత్య మొహంలోకి చూస్తున్నాడు, పరీక్ష పేపరు ఇచ్చి మార్కుల కోసం ఎదురుచూసే పిల్లాడిలాగా.

"ఇంకేం కావాలన్నా చెప్పు తాయీ. మంచం ఇటు తిప్పమంటావా?" అన్నాడు. తాయీ అంటే అక్క.

"ఏమీ తిప్పకు శ్రీ. అంతా బావుంది," అంది ఆత్య. చెయ్యి చాపి వాడి తల నిమిరింది. వాడు అన్నానేమిటి, ఆయన అనాలి. ఆవిడ నిమిరిన తీరు అలా ఉంది.

రాత్రి భోజనాలకి ముందు నాన్నా అమ్మా నేనూ కింద హాల్లో సోఫా మీద కూర్చుని టీవీలో క్రికెట్ చూస్తున్నాం. ఆత్య మెట్లు దిగి వచ్చింది. అమ్మ వెంటనే లేచింది.

"లేవకు సుమన్, కూర్చో. కాస్త జరిగితే చాలు," అంది ఆత్య.

"అయ్యో, అదేంటి వన్సం! మీరు హాయిగా కూర్చోండి," అంది అమ్మ. ఆడపడుచుని మా వైపు వన్సం అనే పిలుస్తారు. అమ్మ వెళ్ళి భోజనాల బల్ల దగ్గర్నుంచి కుర్చీ తెచ్చుకుంది. నాన్న కూడా లేచాడు. "ఇటు రా తాయీ, ఇక్కడ ఫ్యాను గాలి బాగా తగులుతుంది," అని తన చోటిచ్చి, తనూ ఒక కుర్చీ లాక్కున్నాడు. ఇద్దరూ ఎదురుగా కూర్చుని ఆవిడకేసి ప్రేమగా చూశారు. అమ్మ టీవీ శబ్దం తగ్గించింది, ఆత్యకి తలనొప్పి వస్తుందేమోనని.

అంత పెద్ద సోఫాలో ఇక ఉన్నది ఆత్యా నేనూ. ఆత్య ఒక చివర, సగం తుంటి ఆనించి, ఒక కాలు నేల మీద బిగించి కూర్చుని ఉంది. ఆవిడకి తెలియకుండానే అలా కూర్చుంది. నాకు ఎందుకో బెంగళూరు పార్కులో గడ్డిలో నిలబడ్డ కుర్రాడు గుర్తొచ్చాడు. అమ్మ అప్పడాలు వేయించడానికి లేస్తే నేనూ వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను.

తిరుగు ప్రయాణంలో ఆత్య చాలాసేపు కిటికీలోంచి చెరకు తోటలు చూసింది. సాతారా దాటాక, "గది బావుంది," అంది.

"ఊ."

"గాలి బాగా వస్తుంది."

"ఊ."

ఇంకో స్టేషను పోయింది.

"ఆ సోఫాలో నలుగురు పడతారు," అంది ఆత్య.

ఆవిడ ఉద్యోగం చివరి రోజున ఆడవాళ్ళ పెట్టెని పూలదండలతో కట్టేశారు. పావస్కర్ కాకూ కొబ్బరికాయ, చీర, పసుపూ కుంకుమా తెచ్చింది. నజ్మా కొట్టు నుంచి జరీ అంచు జాకెట్టు గుడ్డ తెచ్చింది. పాలకోవా బిళ్ళలు పంచారు. డోర్ దగ్గర వేలాడేవాళ్ళ నోట్లో కూడా పెట్టారు. పావస్కర్ కాకూ లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టింది.

"మన రోహిణి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గొడవపడలేదు. అందుకే నాకు ఈవిడంటే మొదట్లో అనుమానం..."

అందరూ నవ్వారు. కాకూ ఇంకో మాట చెప్పబోయి, చెప్పలేక, కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. అంత లావు గొంతు ఏమైపోయిందో. "మిరజ్‌లో రైలు చప్పుడు వినబడుతుందా?" అని మాత్రం అడిగింది.

"స్టేషను దూరం," అంది ఆత్య.

నేను కుర్లాలో దిగిపోయాను. ఆఫీసుకి వెళ్ళి సంచీ కూడా దించకుండా మా అధికారి గదిలోకి వెళ్ళి, ముంబయి అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీరు బెంగళూరనే అనుకున్నానే?" అన్నాడు. నేనూ అదే అనుకున్నానండీ అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆత్య దండలు కిటికీ ఊచలకి వేలాడదీసి, దివాను మీద కూర్చుని ఉంది. చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. ఆవిడ కోపం నేను చూడడం అదే మొదలు.

"నా కోసమా? ఇదిగో, నా కోసం ఎవరూ ఏదీ ఎంచుకోకూడదు. ఒకడు మేడ కట్టాడు, అది చాలు!"

"నీ కోసం కాదు."

"మరి? ఆ గాలీ, బాల్కనీ, పూలకుండీ? నెల్లాళ్ళు చెవులు చిల్లులు పడేలా చెప్పావుగా?"

"బావున్నాయి. ఇప్పటికీ బావున్నాయి."

"మరేమైంది?"

"అక్కడ పార్కులో ఒకతన్ని జరగమన్నాను. నాకు సీటిచ్చాడు."

"మంచివాడేగా."

"లేచి ఇచ్చాడు, ఆత్యా."

ఆత్య దివాను మీద దుప్పటి ముడత సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. వంటింట్లో కుక్కరు కూత పెట్టినా లేవలేదు.

"మా తమ్ముడు కూడా మంచివాడే," అంది చివరికి. "వాడికి నేను రానని ఎలా చెప్పను? గోడలకి ఆకుపచ్చ రంగు కూడా గుర్తుపెట్టుకుని వేయించాడు. కష్టపెట్టినవాళ్ళకైతే కాదని చెప్పొచ్చు. వాడికెలా చెప్పను?"

అంటూనే ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం చూసి నాకు భయం వేసింది. వెంటనే ఫోన్ తీసి నాన్నకి నేనే చెప్పాను. నేను ముంబయిలోనే ఉంటున్నానని, ఆత్య కూడా ఇక్కడే ఉంటుందని.

"మీ ఆత్య అందా ఆ మాట?"

"అనలేదు."

"అనదు. తనకి మొహమాటం. నేను వస్తున్నాను," అని పెట్టేశాడు.

దసరా వెళ్ళిన ఆదివారం పొద్దున్నే నాన్నా అమ్మా దిగారు. నాన్న చేతుల్లో మడిచిన అట్టపెట్టెలు, తాళ్ళు. మధ్యాహ్నానికి టెంపో కూడా మాట్లాడుకుని వచ్చాడు. నాన్న డోంబివలీ ఇంటికి వచ్చి ఎన్నో ఏళ్ళయింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ గది నాలుగు మూలలా చూసి, తల అడ్డంగా ఊపాడు. అట్టపెట్టెలన్నీ ఉన్న ఒక్క కుర్చీ మీద పేర్చాడు.

"సామాను ఎక్కువేం లేదు. గంటలో కట్టేయొచ్చు. ఇది ఊరా తాయీ? మనిషి కూర్చోవడానికి చోటుందా ఇక్కడ? చిన్నపిల్ల ఏదో అందని నువ్వు ఆగిపోతావా?"

"ముందు టీ తాగు శ్రీ," అంది ఆత్య.

నేను టీ తెచ్చేసరికి ఆత్యా అమ్మా దివాను మీద కూర్చుని ఉన్నారు. అందరికీ గ్లాసులిచ్చి నేను గోడవైపు చేరాను. ముగ్గురితో దివాను నిండిపోయింది. నాన్న గ్లాసు పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. కుర్చీ వైపు చూశాడు. దాని మీద ఆయన పేర్చిన అట్టపెట్టెలే నడుమెత్తు ఉన్నాయి.

"కూర్చో," అంది ఆత్య.

"ఎక్కడ?" అన్నాడు నాన్న.

అమ్మ ఎప్పటిలాగే చటుక్కున లేవబోయింది. ఆత్య ఆవిడ మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. "లేవకు సుమన్. జరుగు."

"అదికాదు వన్సం, ఆయన..."

"జరుగు."

నేను గోడకి అతుక్కుపోయాను. అమ్మ నా మీదికి జరిగింది. ఆత్య అమ్మ మీదికి జరిగింది. చివర జానెడు చోటు ఏర్పడింది. నాన్న దానికేసి అనుమానంగా చూసి, గ్లాసు తొణక్కుండా మెల్లగా ఆనాడు. బ్యాంకులో మేనేజరుగా చేసి, ఊళ్ళో ఎక్కడికెళ్ళినా ముందు కుర్చీ వేయించుకునే మనిషి.

"పడిపోతాను తాయీ."

"కాలు నేలకి ఆనించు. పడవు."

ఆనించాడు. పడలేదు. నలుగురం అలా ఒకరినొకరు ఒత్తుకుని టీ తాగాం. ఆత్య భుజానికి నాన్న భుజం తగులుతూ ఉంది. చిన్నప్పుడు అలా కూర్చునేవాళ్ళేమో, నాకు ఊహ తెలిశాక మాత్రం ఎప్పుడూ చూడలేదు. అమ్మ మొదట బిగుసుకుపోయి కూర్చుంది గాని, కాసేపటికి నడుము వదిలేసి నాకు ఆనుకుంది. అమ్మ బరువు నా మీద పడి ఎంత కాలమైందో. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, టీ వేడిగా ఉందన్నాను. దూరంగా పట్టాల మీద లోకల్ ఒకటి వెళ్ళింది. కిటికీ అద్దం సన్నగా అదిరింది.

నాన్న గ్లాసు ఖాళీ చేసి కూడా చేతిలోనే పట్టుకున్నాడు. కింద పెట్టాలంటే లేవాలి.

"ఇలా ఎంతసేపని కూర్చుంటారు మీరు?" అన్నాడు.

"ఎవరో ఒకరు దిగేదాకా," అంది ఆత్య.

నాన్న ఆవిడకేసి చూశాడు. ఆవిడ తలలో తెల్లవెంట్రుకలన్నీ అప్పుడే కనబడ్డట్టు చూశాడు. తర్వాత కుర్చీ మీది అట్టపెట్టెలకేసి చూశాడు.

"సాయలీ, ఆ టెంపోవాడికి ఫోన్ చెయ్యి. రావద్దను," అన్నాడు. అని, లేవకుండానే, వాళ్ళక్క వైపు ఇంకాస్త జరిగాడు.